నూరో నంబరు

యేసేపు తెచ్చిన జొన్నరొట్టెలను పింగాణీ పళ్ళెంలోకి మార్చి, పైన నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ఉరుకుందు మైక్రోవేవ్ ఓవెన్ తలుపు మూశాడు. చూపుడు వేలితో పవర్ మీట నొక్కాడు. ఒకసారి నొక్కితే 100 అని పచ్చటి అంకె వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే 80, ఆపైన 60, 40, 20. ఉరుకుందు ఇరవై దాకా వచ్చి ఆగాడు. యేసేపు హాలహర్వి పక్క పొలాల్లో కూలి చేసుకునే మనిషి, భార్య కాన్పుకని మూడు రోజులుగా ఇక్కడే ఉన్నాడు. అతని రొట్టెలు కూడా అతని అరచేతుల్లాగే మందంగా, మొరటుగా ఉన్నాయి. అలాంటి వాటికి ఇరవై చాలని ఉరుకుందు లెక్క.

"ఇంకా ఎంతసేపప్పా? ఆయమ్మ ఆకలంటాంది," అన్నాడు యేసేపు.

"మొద్దు రొట్టె గదా. నిదానంగా కాగాల. కూసో."

ఉరుకుందుకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. నడుం నుంచి పైకి చూస్తే ఇంకా గట్టి మనిషే. భుజాలు, ముంజేతులు మగ్గం లాగిన చేతులని తెలిసిపోతాయి. నడుం నుంచి కిందికి మాత్రం ముసలాయనే. ఎమ్మిగనూరులో ముప్పై నాలుగేళ్ళు గుంత మగ్గంలో కాళ్ళు వేలాడేసి తొక్కీ తొక్కీ మోకాళ్ళు రెండూ అరగదీసుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట ఆదోనికి వచ్చి, పత్తి మార్కెట్టు దారిలో ఉన్న ఈ నర్సింగ్ హోములో పనికి కుదిరాడు. వరండా చివర రెండు బారల గది అతని రాజ్యం. వేడినీళ్ళు, పాలు, ఫ్లాస్కులు, రోగుల క్యారియర్లు అన్నీ అతని చేతిమీదుగా పోవాల్సిందే.

నెల కిందట మేనేజరు గ్యాసు పొయ్యి తీయించి ఈ తెల్ల పెట్టె పెట్టించాడు. దాన్ని బిగించడానికి వచ్చినవాడు అయిదు నిమిషాలు గడగడా చెప్పి, స్టీలు గిన్నెలు లోపల పెట్టొద్దని రెండుసార్లు హెచ్చరించి, బండెక్కి వెళ్ళిపోయాడు. అర్థమైందా అని అడిగితే ఉరుకుందు ఠీవిగా తలూపాడు. తెలియదని చెప్పడం, ఇంకోసారి చెప్పమని అడగడం అతని ఒంటికి పడని పనులు. ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పచ్చగా వెలిగే ఆ అంకెలు చూడగానే అతని ప్రాణం కుదుటపడింది. నూరు, ఎనభై, అరవై, నలభై, ఇరవై. ఇవి పరాయి అంకెలు కావు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో తిరిగిన అంకెలు.

నేతపని వాళ్ళకు నూలు నంబర్లు అవే. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవయ్యో నంబరు మొరటు నూలు, దుప్పట్లకూ తువ్వాళ్ళకూ పోతుంది. నూరో నంబరు తలవెంట్రుకంత సన్నం, మంచి చీరలకు తప్ప తీయరు. కాబట్టి ఈ పెట్టెలో కూడా ఇరవై అంటే మొరటు సెగ, నూరంటే సన్న సెగ అని ఉరుకుందు తీర్మానించుకున్నాడు. మొరటు సెగకు రొట్టె కాగడానికి ఇంత ఆలస్యం ఎందుకవుతోందని ఏ రోజూ అనుమానం రాలేదు. కొత్త పెట్టె, దాని పద్ధతి దానిది అనుకున్నాడు. ఆలస్యమైనా రొట్టె అంచుల నుంచి నడిమిదాకా ఒకే తీరుగా కాగి వచ్చేది. తిన్నవాళ్ళు కిమ్మనకుండా తినేవాళ్ళు.

ఆరో గదిలో లక్ష్మప్ప ఒక్కడే తినడం లేదు.

లక్ష్మప్ప, ఉరుకుందు ఒకే పాకలో ఎదురెదురు మగ్గాల మీద ఇరవై రెండేళ్ళు నేశారు. లక్ష్మప్పది నూరో నంబరు చెయ్యి. ఊళ్ళో ఆ నూలు ఇచ్చేది ముగ్గురికో నలుగురికో. ఉరుకుందుది దుప్పట్ల చెయ్యి. "ఏమిరా దుప్పట్లోడా" అని లక్ష్మప్ప పొద్దున్నే పలకరించేవాడు. ఒక ఏడు ఉరుకుందు పంతం పట్టి తనకూ నూరో నంబరు కావాలని తెచ్చుకుని మగ్గానికెక్కించాడు. మధ్యాహ్నానికల్లా పోగులు తెగి పడుగంతా చెదిరింది. ఏడుపొక్కటే తక్కువ. లక్ష్మప్ప తన మగ్గం ఆపి, గుంతలోంచి లేచి వచ్చి, పొద్దుగూకేదాకా ఒక్కొక్క పోగూ అతికాడు. ఒక్క మాట అనలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ యథాప్రకారం "ఏమిరా దుప్పట్లోడా" అన్నాడు. ఉరుకుందు జన్మలో మరిచిపోలేని రోజుల్లో అదొకటి.

అందుకే గుండె నీరసపడి ఊపిరాడక లక్ష్మప్ప ఇక్కడ చేరిన నాటి నుంచి ఉరుకుందు అతని రాగి సంగటికి ప్రత్యేకంగా నూరు పెడుతున్నాడు. ఊళ్ళోవాళ్ళందరికీ ఇరవై, నలభై. లక్ష్మప్పన్నకు మాత్రం నూరో నంబరు. మరి ఏం ఖర్మమో, ఆ సంగటి అంచుల్లో పెచ్చు కట్టి, నడిమిన చల్లగా ముద్దలా ఉండిపోయేది. పళ్ళు సగం ఊడిన నోరు. అంచు నమలలేడు, నడుమ మింగలేడు. రెండు వేళ్ళతో తాకి పళ్ళెం పక్కకు నెట్టేసేవాడు. అయిదు రోజులైంది.

ఇవాళ లక్ష్మప్ప కూతురు వీణ ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా ఉరుకుందు గదికే వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, అందులో రెండు రాగి సంగటి ముద్దలు, పక్కన పప్పు, కాస్త నెయ్యి. ఆమె ముఖం పీక్కుపోయి ఉంది.

"సిన్నాయనా, పొద్దున పెద్ద డాక్టరు ఫోన్లో సెప్పినాడు. మూడు గంటలకు వస్తాడంట. అప్పటికి నాయిన నోటితో తినకపోతే ముక్కులో గొట్టం ఏస్తారంట."

"ఏస్తే ఏమమ్మా, తిండి పోతాది గదా."

"గొట్టం పీక్కుంటారని చేతులు మంచానికి కడ్తారంట సిన్నాయనా. పక్క మంచమాయనకు కట్టింది నాయిన సూసినాడు. నా చేతులు మాత్రం కట్టనియ్యొద్దు పాపా అని ఒకటే అంటాండాడు."

ఉరుకుందు డబ్బా మూత తీశాడు. లక్ష్మప్ప చేతులు అతనికి తెలుసు. నిద్రలో కూడా పోగు పేనుతున్నట్టు కదులుతుండే చేతులు అవి. వాటినా గుడ్డపీలికలతో ఇనప మంచానికి కట్టేది?

ఒక ముద్దను పింగాణీ గిన్నెలో పెట్టి, శ్రద్ధగా, భక్తిగా నూరు నొక్కాడు. రెండు నిమిషాలు. బుస్సుమని ఆవిరి వచ్చింది. ఆశగా పట్టుకెళ్ళాడు. లక్ష్మప్ప నడిమికి వేలు పెట్టి చూసి, కళ్ళు మూసుకుని, గోడ వైపు తిరిగాడు. వీణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉరుకుందు ఆ గిన్నె పట్టుకుని తిరిగి వస్తుంటే వరండా ఎన్నడూ లేనంత పొడవుగా తోచింది. గడియారంలో పన్నెండున్నర.

ఒంటిగంటకు స్వప్న సిస్టరు తన టిఫిన్ డబ్బాతో పరుగున వచ్చింది. ఎప్పుడూ పరుగే ఆ పిల్లకు. చిత్రాన్నం పళ్ళెంలో వేసి ఇచ్చింది.

"సన్నబియ్యం ఉన్నట్టుందే, నూరు పెడ్తానుండు," అన్నాడు ఉరుకుందు.

"అయ్యో, వద్దు తాతా! మాడిపోతాది. నూరంటే ఫుల్లు గదా."

"ఏం ఫుల్లు?"

"మంట తాతా. నూరంటే పూర్తి మంట. ఇరవై అంటే పొయ్యి సిమ్ములో పెట్టినట్టు. నీకు సెప్పలేదా ఎవరూ?"

ఉరుకుందు వేలు మీట మీదే ఆగిపోయింది. పచ్చటి అంకెను చూశాడు, స్వప్నను చూశాడు, మళ్ళీ అంకెను చూశాడు. తర్వాత మెల్లగా నీళ్ళ క్యాను మీద కూలబడ్డాడు. మొదట నవ్వొచ్చింది. నెలరోజులుగా పెట్టెను తలకిందులుగా తోలుతున్నాడన్నమాట! ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మొరటు రొట్టెలకు సన్న సెగ పెట్టి చక్కగా కాచి ఇచ్చాడు. ఎవరికైతే మనసారా మేలైనది పెట్టాలనుకున్నాడో ఆయనకే పూటపూటా భగభగ మండే సెగ పెట్టాడు.

"అన్న నోట్లో మన్ను కొట్టినానమ్మా. నా చేతులతో నేనే కొట్టినాను," అన్నాడు.

స్వప్నకు ఏమీ అర్థం కాలేదు. ఏమైంది తాతా అని అడిగేలోపే అతను లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి గానీ ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేడు. ఇంకా రెండు గంటల టైముంది. డబ్బాలో ఇంకో ముద్ద ఉంది. ఆ ముద్దను తాకకుండా, ఇందాక పాడైన ముద్దతో ముందు నేర్చుకోవాలి. ముప్పై నాలుగేళ్ళు నేసిన మనిషి, ఒక మీటను నేర్చుకోలేడా?

చెడిన ముద్దను చిదిపి, పెచ్చులు తీసేసి, వేడినీళ్ళు చిలకరించి, మళ్ళీ ముద్ద చేసి లోపల పెట్టాడు. నలభై నొక్కాడు. పెట్టెకు చెవి ఆనించాడు. గాజు పళ్ళెం తిరుగుతోంది. గుర్రుమని చప్పుడు. ఉన్నట్టుండి ఆ గుర్రు ఆగిపోయింది. పళ్ళెం మాత్రం తిరుగుతూనే ఉంది.

తలుపు దగ్గర ఖాళీ పళ్ళెం ఇవ్వడానికి వచ్చిన యేసేపు, "సెడిపోయినట్టుంది గదప్పా," అన్నాడు.

"ఉష్, మాట్లాడొద్దు!"

మగ్గం దగ్గర కూర్చుని చప్పుడుతోనే పనిలో తేడా కనిపెట్టిన చెవి అది. ఉరుకుందు వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. ఎనిమిది లెక్కపెట్టేదాకా గుర్రు. పన్నెండు లెక్కపెట్టేదాకా నిశ్శబ్దం. మళ్ళీ ఎనిమిది, మళ్ళీ పన్నెండు. నలభై అంటే మంట తగ్గడం కాదు. మంట ఎప్పుడూ అదే మంట. ఎనిమిది లెక్కలు మండి, పన్నెండు లెక్కలు ఆగుతోంది. ఆగిన ఆ కాసేపట్లో అంచున పట్టిన వేడి మెల్లగా లోపలికి నడుస్తుంది. నూరులో ఆ ఆగడమే లేదు. వేడికి లోపలికి నడిచే తీరికే లేదు!

"సెడిపోలే యేసేపూ! దమ్ము తీసుకుంటాంది! పని చేసి దమ్ము తీసుకుంటాంది!"

యేసేపు ఇద్దరినీ, అంటే పెట్టెనూ ఉరుకుందునూ, కొంచెం భయంగా చూశాడు.

ఉరుకుందుకు భార్య తిమ్మమ్మ గుర్తొచ్చింది. సంగటి కెలికాక ఆమె కుండను మంట మీద ఉంచేది కాదు. పక్కకు దించి, మూత పెట్టి, ఉమ్మగిలనిచ్చేది. ఆకలేసి గిన్నె పట్టుకుని వస్తే "ఉమ్మగిలనీ" అని కసిరేది. నూలు కండెలు చుడుతూనే కన్ను కుండ మీద వేసి ఉంచేది. ఆమె పోయి నాలుగేళ్ళైంది. ఉన్న ఒక్క కూతురు కృష్ణగిరిలో తన సంసారం తను చేసుకుంటోంది. ఈ నాలుగేళ్ళలో తిమ్మమ్మ మాట ఇంత స్పష్టంగా చెవిలో పడటం ఇదే మొదలు.

అయిదు నిమిషాలకు తలుపు తీశాడు. అంచు పెచ్చు కట్టలేదు. వేలు నడిమికి దించాడు. గోరువెచ్చన. పనికి రాదు, కానీ దారి దొరికింది. నడుమ ఎప్పుడూ వెనకబడుతోంది. మరి నడుమే లేకుండా చేస్తే? చేతులు తడుపుకుని ముద్దకు నట్టనడిమిన గుంత పెట్టి, చుట్టూ గాజులాగా పరిచాడు. పైన పళ్ళెం మూశాడు. మళ్ళీ నలభై. సగంలో ఆపి, కిందా పైనా తిరగేసి, మళ్ళీ పెట్టాడు. ఆగిన తర్వాత వెంటనే తలుపు తీయలేదు. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. తలుపు పిడి మీద చెయ్యి వేసుకుని, పెదవి కొరుక్కుంటూ, రెండు నిమిషాలు ఉమ్మగిలనిచ్చాడు.

"యేసేపూ, వేలు పెట్టి సూడు. ఈడ."

"కాల్తాంది."

"ఈడ?"

"ఈడా కాల్తాంది. అబ్బా! ఈ పక్క కూడా! సుట్టూరా ఒకటే మాదిరిగుంది గదప్పా!"

ఉరుకుందుకు గంతేయాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి యేసేపు వీపు మీద ఒక్కటి చరిచాడు. బిడ్డ పుట్టినప్పుడు కూడా ఆ మనిషి వీపు మీద అంత గట్టిగా ఎవరూ చరిచి ఉండరు. ఇద్దరూ నిలబడి ఆ ముద్దను ఉత్తదే, ఊదుకుంటూ, సగం సగం తినేశారు.

రెండుంబావు. చివరి ముద్ద. దాన్ని ఉరుకుందు రెండు చేతులతో డబ్బాలోంచి తీశాడు. ఇది చెడితే ఇంకోటి లేదు. గుంత పెట్టాడు, పరిచాడు, మూశాడు, నలభై నొక్కాడు. ఎనిమిది లెక్కలు, పన్నెండు లెక్కలు. వరుసలో క్యారియర్లు పట్టుకుని నలుగురు నిలబడ్డారు. ఒకావిడ కసురుకుంది. యేసేపు ఆమెకు సర్ది చెప్పాడు. ఉరుకుందుకు ఏదీ వినపడలేదు. అయ్యాక బయటికి తీసి, తడి చేతులతో మళ్ళీ గుండ్రటి ముద్ద చేసి, నడిమిన నెయ్యి వేసి, పప్పు పోసుకుని, పైన పళ్ళెం మూసి నడిచాడు. నడిచాడనడం మర్యాదకు. ఎనిమిదేళ్ళలో ఆ వరండాలో అతను పరుగెత్తడం అదే మొదటిసారి.

లక్ష్మప్ప గోడ వైపే తిరిగి ఉన్నాడు.

"అన్నా, లేయ్. కాగింది."

"వద్దులేరా."

"అన్నా, నేను తప్పు సేసినాను. ఈ పెట్టెలో నూరంటే సన్నం అనుకుంటి. అందరికీ ఇరవై పెట్టి, నీకొక్కనికే నూరో నంబరు పెడ్తాంటి. ఆడ నూరంటే పూరా మంటంట!"

దుప్పటి కింద లక్ష్మప్ప వీపు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని వీణ కంగారుగా ముందుకు వంగింది. లక్ష్మప్ప నవ్వుతున్నాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది, దగ్గు మధ్యలో మళ్ళీ నవ్వొచ్చింది. ఇటు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, "ఓరి దుప్పట్లోడా! మళ్ళీ నూరో నంబరు జోలికి పోయినావేమిరా!" అన్నాడు.

"పోయినాను అన్నా. మళ్ళీ పోగులు తెగినాయి."

వీణ పట్టుకుని కూర్చోబెట్టింది. లక్ష్మప్ప అలవాటుగా నడిమికి వేలు పెట్టాడు. చురుక్కుమని వేలు వెనక్కి తీసుకున్నాడు. ఉరుకుందు ముఖం వెలిగిపోయింది. లక్ష్మప్ప వేలు చప్పరించి, చిన్న ముద్ద చేసి, పప్పులో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. గొంతు కదిలింది. ఇంకొకటి. ఇంకొకటి. వీణ లెక్కపెడుతోంది, పెదవులు కదులుతున్నాయి.

"నా సీరలు ఎవరు కట్టుకుండిరో నాకు తెల్దురా," అన్నాడు లక్ష్మప్ప నములుతూ. "ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. నల్లచారల దుప్పటి నువ్వు నేసిండేది, చేనేత సంఘంలో కొన్యాను. పదైదేండ్లాయె. ఇప్పటికీ అదే కప్పుకోని పండుకుంటా."

"నాకెప్పుడూ సెప్పలేదే!"

"సెప్తే నీకు కొమ్ములొస్తాయి."

ఉరుకుందు నీళ్ళ గ్లాసు అందించాడు, మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ అందించాడు. అతని ఒళ్ళంతా సంతోషంతో పులకరిస్తోంది.

మూడింటికి పెద్ద డాక్టరు వచ్చేసరికి లక్ష్మప్ప ఏడో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. డాక్టరు గిన్నెలోకి తొంగి చూశాడు, వీణను చూశాడు. "నోటితోనే తింటున్నాడు కదా, గొట్టం వద్దులే," అని రాసుకుని పక్క మంచానికి వెళ్ళాడు. వీణ ఉరుకుందు చెయ్యి పట్టుకుని వదల్లేదు. లక్ష్మప్ప తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూసుకుంటూ కూర్చున్నాడు.

"సాలు. మిగిలింది మూసిపెట్టురా. లేసి తింటా," అన్నాడు.

ఉరుకుందు పళ్ళెం మూసి, గిన్నెను మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. లక్ష్మప్ప వెల్లకిలా పడుకున్నాడు. వేళ్ళు ఛాతీ మీద మెల్లగా కదులుతున్నాయి.

ఆ తర్వాత ముప్పావుగంట ఉరుకుందు తన గదిలో మాట్లాడినంతగా జన్మలో ఎన్నడూ మాట్లాడి ఉండడు. వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. అన్నానికి గుంత పెట్టండి, నడుమ ఖాళీ వదలండి. నూరు నీళ్ళకు మాత్రమే. అన్నానికి అరవై, సంగటికి నలభై, రొట్టెకు ఇరవై. దించినాక తొందరపడొద్దు, రెండు నిమిషాలు ఉమ్మగిలనియ్యండి. ఇందాక కసిరిన ఆవిడ కూడా పళ్ళెంలో అన్నాన్ని వేళ్ళతో చుట్టూ సర్ది తెచ్చింది. రేపు బొరుగుల ఉగ్గాని పెట్టి చూడాలని, ఎల్లుండి పాలు పొంగకుండా కాచే కిటుకు కనిపెట్టాలని యేసేపుతో అంటున్నాడు.

తలుపు దగ్గర స్వప్న సిస్టరు నిలబడి ఉంది. ఈసారి పరుగెత్తుకుంటూ రాలేదు.

"తాతా," అంది. "లక్ష్మప్ప తాత... నిద్రలోనే. బీపీ సూద్దామని పోయినా."

ఉరుకుందు చేతిలో ఉన్న పళ్ళెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఓవెన్ లోపల ఎవరిదో అన్నం తిరుగుతోంది. దాన్ని చూసుకోమని యేసేపుకు సైగ చేసి, వరండాలోకి వచ్చాడు.

ఆరో గదిలో వీణ మంచం కాళ్ళ దగ్గర కూర్చుని తండ్రి పాదాలు పట్టుకుని ఉంది. ఏడుపు ఇంకా బయటికి రాలేదు. "కడుపు నిండా తినినాడు సిన్నాయనా," అంది. "అన్నీ మంచిగనే మాట్లాడినాడు." లక్ష్మప్ప చేతులు రెండూ ఛాతీ మీద విడివిడిగా, వదులుగా ఉన్నాయి. ఉరుకుందు వాటి మీద తన చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఏడ్చాడు. నూరో నంబరు చేతులు, ఆఖరిదాకా ఎవరూ కట్టని చేతులు అని లోపల అనుకున్నాడు. దుఃఖం ఎంత ఉందో అంత గర్వమూ ఉంది, రెంటినీ విడదీయడం అతని వల్ల కాలేదు.

స్టూలు మీద గిన్నె మూత పెట్టినట్టే ఉంది. ఉరుకుందు పళ్ళెం ఎత్తి, మిగిలిన ముద్ద అంచును వేలితో తాకాడు. చల్లారిపోయింది. వేలు మెల్లగా నడిమికి దించాడు. అక్కడ సంగటి ఇంకా వెచ్చగా ఉంది.